పీఏ కోర్సుకు ముందు: నర్సింగ్ అసిస్టెంటా, మెడికల్ స్క్రైబా?

అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ) అంటే డాక్టర్లతో కలిసి రోగులను పరీక్షించి వైద్యం చేసే ఉద్యోగి. ఆ కోర్సు నడిపే చాలా కళాశాలలు, మార్కులు ఎంత బాగున్నా, రోగుల దగ్గర ఎన్ని గంటలు పనిచేశారని అడుగుతాయి. వెయ్యి గంటలు కోరేవీ ఉన్నాయి. ఆ గంటల కోసం చాలామంది చూసే పనులు రెండు: రోగికి సేవచేసే నర్సింగ్ అసిస్టెంటు, డాక్టరు కోసం వివరాలు రాసిపెట్టే మెడికల్ స్క్రైబు.

ఖర్చు: నర్సింగ్ అసిస్టెంటుకు ఫెడరల్ నిబంధన ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ, ఆపైన రాష్ట్ర పరీక్ష ఉంటాయి. స్క్రైబుకు సాధారణంగా సంస్థే శిక్షణ ఇస్తుంది.

శ్రమ: మంచం పట్టిన వృద్ధుణ్ణి పక్కకు తిప్పి, ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చి, బీపీ రాసే నర్సింగ్ అసిస్టెంటు పని నడుము విరిచేస్తుంది. స్క్రైబు డాక్టరు పక్కనే ఉండి, రోగి చెప్పిన బాధ మొదలు మందుల వరకు కంప్యూటర్లో ఎక్కిస్తాడు. రోగ నిర్ధారణ తీరు నేర్చుకోవడానికి ఇదే మేలు.

ముప్పు: అసలు తేడా ఇక్కడే ఉంది. ఉమ్మడి దరఖాస్తు విధానమైన క్యాస్పాలో రోగి సంరక్షణ అనుభవం, ఆరోగ్యరంగ అనుభవం వేర్వేరు విభాగాలు; స్క్రైబు గంటలను కొన్ని కళాశాలలు మొదటి విభాగంలో ఒప్పుకోవు. పైగా ఆ పనిలోకి ఏఐ సాఫ్ట్‌వేర్ చొరబడుతోంది.

మన ఇళ్లలో బెడ్‌పాన్ అనగానే ముఖం చిట్లించేవారున్నా, గంటలు నిండనివారికి నర్సింగ్ అసిస్టెంటు పనే నయం. గంటలు ఇప్పటికే ఉండి, డాక్టరు సిఫారసు లేఖ కావలసినవారికి స్క్రైబు పని నప్పుతుంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారు దేనికైనా ముందు పని అనుమతి చూసుకోవాలి.