హుద్‌హుద్, బిని: ఏది అధ్యయనానికి అనువైనది?

మడగాస్కర్ నుంచి పసిఫిక్ ద్వీపాల వరకు విస్తరించిన ఆస్ట్రోనేషియన్ భాషా కుటుంబానికి చెందిన సమాజాల మౌఖిక సంప్రదాయాలను అధ్యయనం చేయదలచినవారికి ఫిలిప్పీన్స్‌లోని ఇఫుగావో తెగవారి హుద్‌హుద్ అనే కథాగానం, ఇండోనేషియాలోని రోటే ద్వీపవాసుల బిని అనే సంప్రదాయ కవిత్వం రెండూ ఎంచుకోదగినవే. అయితే వాటిని పరిశీలించే పద్ధతి ఒకటి కాదు. హుద్‌హుద్‌ను వరి విత్తేటప్పుడు, కోతల వేళ, శవజాగరణల్లో పాడతారు. ప్రధాన గాయని, సాధారణంగా ఒక వృద్ధురాలు, కథ నడిపిస్తుంటే బృందం అందుకుంటుంది, చరణాలన్నిటికీ బాణీ ఒక్కటే. పూర్తి గానానికి రోజులు పట్టవచ్చు. యునెస్కో 2001లో దీనిని గుర్తించినప్పటికీ, చేతికోతలు తగ్గినకొద్దీ పాడే సందర్భాలే కరువవుతున్నందున, పాఠం కన్నా ముందు అక్కడి వ్యవసాయ జీవనాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

బినిలో, నా దృష్టిలో, అసలు ఆకర్షణ పద్యనిర్మాణం. 1965లో రోటేలో పరిశోధన ప్రారంభించిన మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫాక్స్ వివరించినట్లు, ఇందులోని మాటలకు సంప్రదాయం నిర్ణయించిన జంటలుంటాయి. ఒక పాదంలో ఒక మాట వస్తే తరువాతి పాదంలో దాని జోడు రావలసిందే. ఆ జోడు కోసం కవులు పొరుగు మాండలికాల మాటలనూ వాడుకుంటారు కనుక, ఒక్క ప్రాంతపు యాసను మాత్రమే నేర్చుకున్న పరిశోధకుడికి కొన్ని జంటలు అంతుపట్టవు. క్రైస్తవం వచ్చాక బైబిలు కథలను సైతం ఈ శైలిలోనే చెప్పుకోవడం మరింత విశేషం. భాషాశాస్త్ర నేపథ్యం ఉన్నవారికి నేను నిస్సందేహంగా బినినే సూచిస్తాను.