ఖిలా వరంగల్ సాయంత్రం, ముంజల బండి

మేలో పగటిపూట కోటకు పోవద్దు. మేం నలుగురం హన్మకొండ నుంచి బండ్ల మీద ఐదు దాటాకే బయల్దేరాం. అయినా తోరణాల దగ్గర రాయి మీద కూర్చోబోయి లేచి నిలబడ్డాం, అంత కాలింది! నాలుగు తోరణాలు, పక్కన ఖుష్ మహల్. ఫొటోలకు గంట సరిపోయింది.

అసలు మజా తిరిగొచ్చేటప్పుడు, రోడ్డు పక్కన ముంజల బండి దగ్గర. ఒలిచినవి కవర్లో కట్టిస్తానన్నాడు. వద్దన్నాం. కాయ తల నరికి అలాగే చేతికిచ్చాడు. బొటనవేలు దూర్చి తోడుకోవాలి. మొదటి కన్ను పొడవగానే నీళ్లు ఎగిరి మావాడి తెల్ల చొక్కా మీద పడ్డాయి. ఆఫీసు నుంచి అటే వచ్చాడు పాపం.

ఆరు కాయల్లో రెండు ముదిరినవి, నమిలితే పచ్చికొబ్బరిలా ఉన్నాయి. ‘అన్నా, ఇవి ముదురు’ అంటే విసుక్కోకుండా మార్చాడు. చేతులు కడుక్కోవడానికి మాత్రం నీళ్లు లేవు, బాటిల్ తీసుకెళ్లండి. చిల్లర కూడా. ఫోన్‌పే స్కానర్ ఉంది కానీ ఆ రోజు పనిచేయలేదు. వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం, ఈసారి నల్ల చొక్కాల్లో.