గుంటూరులో డానైడ్ ఎగ్‌ఫ్లై ఉందని తేల్చాలంటే: నమూనా మేలా, ఫోటో మేలా, గొంగళిపురుగు మేలా?

నారింజ రంగు రెక్కలు, నల్లని రెక్క కొసలు, ఆ నలుపు మీద అడ్డంగా తెల్లని పట్టీ ఉన్న సీతాకోకచిలుకను గుంటూరు, విజయవాడ పరిసరాల్లో జిల్లేడు పొదల దగ్గర తరచుగా చూస్తాం. అది ప్లెయిన్ టైగర్. దీని గొంగళిపురుగు జిల్లేడు ఆకు తిని అందులోని విషాన్ని ఒంట్లో నిలుపుకుంటుంది కాబట్టి పక్షులు దీని జోలికి రావు. అంత సులభంగా కంటపడని డానైడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుకలో ఆడది, ఒంట్లో ఆ విషం లేకపోయినా, ప్లెయిన్ టైగర్ వేషం ధరించి ప్రాణం కాపాడుకుంటుంది. పక్షి కన్నునే ఏమార్చే పోలిక మన కన్నును ఏమార్చడంలో వింత లేదు. అందువల్ల ఎవరైనా ‘మా పెరట్లో డానైడ్ ఎగ్‌ఫ్లైని చూశాను’ అన్నప్పుడు, ఆ మాట నిజమే అయినా, రుజువు అడగక తప్పదు.

రుజువులలో పాతది నమూనా. సీతాకోకను వలతో పట్టి, సూదికి గుచ్చి ఆరబెట్టి, చోటు, తేదీ, పట్టినవారి పేరు రాసిన చీటీతో భద్రపరుస్తారు. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1916లో ఏర్పడింది. అటువంటి సంస్థల పెట్టెల్లో ఉన్న నమూనాను వందేళ్ల తరువాత కూడా మరొకరు తీసి మళ్లీ పరీక్షించవచ్చు. స్కిప్పర్లు అనే చిన్న సీతాకోకలలోను, కొన్ని నీలి సీతాకోకలలోను జననాంగాలను సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప జాతి తేలని సందర్భాలు ఉన్నాయి కాబట్టి అక్కడ నమూనాకు సాటి లేదు. డానైడ్ ఎగ్‌ఫ్లై విషయంలో ఆ అవసరం రాదు, గుర్తులన్నీ రెక్క మీదే ఉన్నాయి. పైగా ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో, అంటే రక్షిత జాతుల జాబితాల్లో, చోటు పొందిన జాతి. ఆ షెడ్యూళ్లను 2022లో సవరించారు కాబట్టి ఇప్పటి జాబితాను చూడకుండా, అటవీ శాఖ అనుమతి లేకుండా ఎవరూ వల పట్టుకుని బయలుదేరకూడదు. అరుదైనదని మనమే చెబుతూ, గుడ్లు పెట్టవలసిన ఆడదాన్ని మనమే చంపడం నాకు ఎన్నడూ సమ్మతం కాలేదు.

ఇక ఫోటో. ప్రాణికి హాని చేయదు, ఫోన్ ఉన్న ప్రతివారికీ సాధ్యం, తేదీ, లొకేషన్ ఆన్‌లో ఉంటే చోటు కూడా, చిత్రంలోనే నమోదవుతాయి. జీవుల ఫోటోలను పంచుకునే ఐనాచురలిస్ట్ వంటి ఆన్‌లైన్ వేదికలో పెడితే తెలిసినవారు పరిశీలించి పేరు ఖరారు చేస్తారు. అయితే ఏ ఫోటో అయినా చాలదు. ప్లెయిన్ టైగర్ వెనుక రెక్క నడిమి భాగంలో మగదానికి నాలుగు, ఆడదానికి మూడు నల్లమచ్చలు ఉంటాయి. డానైడ్ ఎగ్‌ఫ్లై ఆడదానికి వెనుక రెక్క పై అంచు దగ్గర ఒకే నల్లమచ్చ ఉంటుంది. సీతాకోక ముందు రెక్కను కాస్త వెనక్కి జార్చి కూర్చుంటే ఆ మచ్చ మరుగుపడుతుంది, ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా అసలు సాక్ష్యం అందులో ఉండదు. అందుకే రెక్కలు పూర్తిగా విప్పినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి తీయాలి. మగదానితో మరో చిక్కు ఉంది. నల్లని రెక్కల మీద ఊదా మెరుపు అంచులున్న తెల్లని మచ్చలతో ఉండే మగదాన్ని పై నుంచి చూస్తే దీని దగ్గరి బంధువైన గ్రేట్ ఎగ్‌ఫ్లై మగదానిలాగే తోస్తుంది. రెక్కలు మూసినప్పుడు కనిపించే ఎర్రగోధుమ రంగు, దాని మీది వెడల్పైన తెల్లపట్టీ చూశాకే నిర్ణయించాలి.

ఇంత జాగ్రత్తగా తీసిన ఫోటో కూడా, నమూనా లాగానే, ఆ రోజు ఆ సీతాకోక అక్కడికి వచ్చిందని మాత్రమే చెబుతుంది. డానైడ్ ఎగ్‌ఫ్లై బలంగా, చాలా దూరం ఎగరగలదు. ఉండవల్లి కొండ దగ్గర కనిపించిన ఒక్కటి ఎక్కడినుంచో దారిన పోతూ వాలినదీ కావచ్చు. ‘కనిపించింది’ వేరు, ‘ఇక్కడ ఉంటుంది’ వేరు. రెండవ మాట అనాలంటే అది ఇక్కడ గుడ్లు పెట్టి పెరుగుతున్నదని చూడాలి.

అందుకు అది తినే మొక్కను వెతకాలి. డానైడ్ ఎగ్‌ఫ్లై గొంగళిపురుగు తినే మొక్కలలో మనం పప్పులో వేసుకునే గంగవావిలి కూర ఒకటి. మిరప చేలలో, ఖాళీ స్థలాల్లో కలుపుగా మొలిచే ఈ మొక్క వానల తరువాత ఎక్కడైనా దొరుకుతుంది. ప్లెయిన్ టైగర్ పురుగు నున్నగా, తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, మూడు జతల నల్లని మెత్తటి కొమ్ములతో ఉంటుంది. డానైడ్ ఎగ్‌ఫ్లై పురుగు ముదురు రంగు ఒంటి నిండా చీలిన ముళ్లతో, తల మీద రెండు పొడవాటి ముళ్లకొమ్ములతో ఉంటుంది. పెద్దయ్యాక ఆడవి ఒకేలా కనిపించే ఈ రెండింటికీ బాల్యంలో పోలికే లేదు. అయితే గ్రేట్ ఎగ్‌ఫ్లై పురుగు కూడా ముళ్లతోనే ఉంటుంది, అదీ గంగవావిలిని తింటుంది. కాబట్టి ముళ్లపురుగు దొరికినంత మాత్రాన సంబరపడకుండా, అది ప్యూపాగా మారి రెక్కలు విప్పే వరకు కనిపెట్టుకుని ఉండాలి. ఇంటికి తెచ్చి డబ్బాలో పెంచితే సులువే కానీ షెడ్యూలు జాతి విషయంలో అదీ పట్టుకోవడం కిందికే వస్తుంది, ఉన్నచోటనే చూడాలి. ప్యూపాగా మారే ముందు పురుగు మొక్క దిగి దూరం వెళ్లిపోవచ్చు, ఈలోగా ఎవరైనా కలుపు తీసేయవచ్చు.

కష్టం ఇంత ఉన్నా, గుంటూరు పరిధిలో ఈ జాతి ఉందని రాయడానికి నేను మొక్క మీది పరిశీలననే మిగిలినవాటి కంటే పైన పెడతాను. ఫోటోను దానికి తోడుగా ఉంచుతాను: గుడ్డు, పురుగు, ప్యూపా, కొత్తగా రెక్కలు విప్పిన పెద్ద సీతాకోక, అన్నీ ఒకే చోట తేదీలతో తీసినవి. అప్పుడు జాతి ఏదన్న ప్రశ్నకు రెక్క మీది మచ్చ, నివాసం ఏదన్న ప్రశ్నకు గంగవావిలి ఆకు జవాబు చెబుతాయి. ఒకవేళ ఏమీ దొరకకపోతే ‘లేదు’ అని రాయడానికి తొందరపడకూడదు. ఆగస్టు నుంచి నవంబరు వరకు వారానికొకసారి, ఎండ వచ్చిన ఉదయం వేళ, అదే దారిలో నడిచి లెక్క రాసుకున్నవారికే ఆ మాట అనే అర్హత కొంతైనా వస్తుంది. ఈ వానాకాలంలో పెరడున్నవారు ఒక మూల గంగవావిలిని పీకకుండా, మందు కొట్టకుండా వదిలి, ఆకుల అడుగున రోజూ చూడాలని కోరుతున్నాను.