పీఎం కిసాన్ ఊరి జాబితా: పేరుంది సరే, మనిషెవరు?

సంక్రాంతికి పద్మనాభం దగ్గర మా ఊరెళ్తే, నాన్న పాస్‌బుక్ నా చేతిలో పెట్టి "ఏటిరా, ఈ మాటు రెండు వేలు పడనేదు, అందరికీ పడ్డాయంట" అన్నాడు. మధురవాడలో కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాణ్ణి కాబట్టి ఇంట్లో ఇలాంటివన్నీ నాకే తగులుకుంటాయి. సరే అని, రైతుల ఖాతాల్లో కేంద్రం డబ్బు వేసే పీఎం కిసాన్ పథకం సైట్ తెరిచాను.

ముందు మన సంగతి చూసుకునే పేజీ. ఇది నిజంగా బాగుంది. రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టి ఓటీపీ ఇస్తే భూమి వివరాలు ఎక్కాయా, ఈకేవైసీ (ఆ మనిషి తనేనని ఆధార్‌తో సరిచూడడం) అయిందా, బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిసిందా అని మూడు ముక్కల్లో చెప్పేస్తుంది. నాన్నకి రెండు అయ్యాయి, ఈకేవైసీ అవలేదు. అదేంటి, పోయిన ఏడాదే ఒక నెట్ సెంటర్‌లో నూట యాభై పుచ్చుకుని "అయిపోయింది, వెళ్ళండి" అన్నారట! పార పట్టి అరిగిన వేళ్ళు కదా, వేలిముద్ర పడలేదు. ఫోన్ యాప్‌లో మొహం చూపించి చేసే పద్ధతి ఉంది, పెరట్లో వెలుతురులో కుర్చీ వేసి కూర్చోబెడితే ఐదు నిమిషాల్లో అయిపోయింది, పైసా ఖర్చు లేదు.

ఇక ఊళ్ళో ఈ డబ్బు ఎవరెవరికో చూపించే జాబితా. దీనికి లాగిన్ కూడా అక్కర్లేదు, రాష్ట్రం నుంచి ఊరి దాకా ఎంచుకుంటూ పోతే ఊరు ఊరంతా తెర మీదకొస్తుంది. సబ్సిడీలు ఎవరికిచ్చారో అడక్కుండానే బయటపెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది, ఆ లెక్కన ఇది మెచ్చుకోవాల్సిందే. కానీ అందులో ఉండేది పేరు, ఆడా మగా, అంతే. తండ్రి పేరు లేదు, ఎన్ని సెంట్ల భూమో లేదు, 2019 నుంచి ఇప్పటిదాకా ఎంత ముట్టిందో లేదు.

మా ఊళ్ళో అప్పలనాయుళ్ళు నలుగురు, ముగ్గురిది ఒకటే ఇంటిపేరు. మేమైతే పొట్టి నాయుడు, మిలటరీ నాయుడు అని గుర్తులు పెట్టుకున్నాం, సైటుకేం తెలుసు? జాబితాలో ఆ పేరు రెండుసార్లుంది. ఏ ఇద్దరిది? నెలకి 10,000, ఆపైన పెన్షన్ తీసుకునేవాళ్ళలో చాలామందికి ఈ డబ్బు రాకూడదు, ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్ళకీ అంతే. అర్హత లేనివాళ్ళు ఉన్నారేమో ఊరివాళ్ళే చూసి చెప్పాలంటే మనిషెవరో తెలియాలి కదా. ఆధార్, ఖాతా నంబర్లు పెట్టమనడం లేదు బాబూ, తండ్రి పేరూ ఎకరాలూ చాలు.

ఇంకోటి, భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళకే డబ్బు, కౌలుదారుకి లేదు. సరుగుడు వేసి సిటీలో ఉంటున్నాయన పేరు కనిపిస్తుంది, పక్క చెక్క కౌలుకి దున్నేవాడిది కనిపించదు. పైగా 2025 ఆగస్టులో కేంద్రం 2,000, రాష్ట్రం అన్నదాత సుఖీభవ 5,000 ఒకే రోజు వేసేసరికి ఏది ఎవరిదో మా నాన్నకి ఇప్పటికీ గందరగోళమే.

మన సంగతి చూసుకోడానికి ఐదుకి నాలుగు, జాబితాకి రెండు.

నేను వీధి అరుగు మీద ఫోన్ పట్టుకుని కూర్చోడం చూసి పొట్టి నాయుడు వచ్చి "నా పేరుందేటి బాబూ?" అన్నాడు. ఉంది అన్నాను. "మరి డబ్బులేవీ?" అని పాస్‌బుక్ కోసం ఇంటికెళ్ళాడు.