నిలువు గుహల సరంజామా: కొన్నేళ్ల వాడకం తర్వాత

తాడు పట్టుకుని బావిలోకిలా దిగవలసిన నిలువు గుహలో తీసిన ఫొటో చూపించగానే అందరూ మొదట అడిగేది ‘ఏ కెమెరా?’ అనే. ముందు మంచి తాడు కొనండి, తర్వాత దీపాలు కొనండి, డబ్బు మిగిలితే అప్పుడు కెమెరా సంగతి చూద్దాం అంటాను. వేళాకోళం అనుకుంటారు. ఉండేది ఒంగోలులో. చీమకుర్తి గ్రానైటు క్వారీలో పనిచేసే మిత్రుడు తోడు. ఇద్దరం కలిసి కొన్నేళ్లుగా వాడుతున్న సామాను గురించి, డబ్బు ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టనక్కర్లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చీమకుర్తి రాయి ఎంత పేరున్నదైనా వాన నీటికి కరగదు. భైరవకోన గుహలు కూడా శిల్పులు కొండను తొలిచి చేసినవే. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, పగుళ్ల వెంబడి సున్నపురాతిని ఏళ్ల తరబడి కొరికితే నిలువు బిలాలు ఏర్పడతాయి. కాబట్టి పొదిలి, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి, సున్నపురాయి ఉన్న నంద్యాల జిల్లాకు పోవలసిందే. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించిన బెలుం గుహలకు కూడా నేలలో బావుల్లాంటి గోతులే ద్వారాలు. ఇప్పుడక్కడ మెట్లున్నాయి, విద్యుత్ దీపాలున్నాయి. తాడుతో పనిలేదు గానీ, ఈ పిచ్చి పట్టబోయేవాళ్లు ముందు అక్కడికి వెళ్లి, గుహలో గాలి, తేమ తమ ఒంటికి పడతాయో లేదో చూసుకోవడం మంచిది.

మాది 10.5 మిల్లీమీటర్ల స్టాటిక్ తాడు. కొండలెక్కేవాళ్లు వాడే సాగే తాడు ఇక్కడ పనికిరాదు. దాని మీద పైకి ఎక్కుతుంటే ప్రతి ఊపుకూ మనిషి పైకీ కిందికీ ఊగుతాడు, ఊగిన ప్రతిసారీ తాడు రాతి అంచుకు రాసుకుంటుంది. స్టాటిక్ తాడు సాగదని కాదు, చాలా తక్కువ సాగుతుంది. కొత్త తాడును నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాకే కొలవాలి. మాది అలా చేశాక కంటికి తెలిసేంత కురచయింది. దుకాణం వాడు చెప్పిన పొడవును నమ్ముకుని దిగితే అడుగుకు చేరకముందే తాడు అయిపోవచ్చు. చివర ముడి వేయడం అందుకే. ఆ ముడి లేని తాడు మీద మా వాడు కాలు పెట్టడు.

రాతి అంచున తాడు కింద వేయడానికి ఖరీదైన తొడుగులు అమ్ముతున్నారు. కొన్నాం, వాడాం. మడతపెట్టిన గోనెసంచిని విడిగా మరో తాడుతో కట్టి వేసినా అంతే పని చేసింది, అదీ జారకుండా. ఈ ఒక్క విషయంలో పిసినారితనం చెల్లుతుంది.

దిగేటప్పుడు వాడే డిసెండర్‌కు నా నుంచి సగం మార్కులే. పట్టు బాగుంది, చెయ్యి వదిలితే ఆగుతుంది. అయితే గుహ బురద తాడుకు పట్టి ఆకురాయిలా రాస్తుంటే దానిలోని అల్యూమినియం కప్పీలు అరిగి గాడి పడ్డాయి. అరిగిన భాగాలు విడిగా దొరికే రకం కొనుక్కోవాలి, లేకపోతే మొత్తం పారేయాలి. పైకి రావడానికి రొమ్ము దగ్గర ఒక బిగింపు, చేతిలో ఒక జుమార్ (తాడు మీద పైకి జరిగి, కిందికి జారకుండా పట్టే పళ్ల పిడి), దానికి కాలి ఉచ్చు. కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. జుమార్ పళ్ల మధ్య చేరిన మట్టిని పాత పళ్ల కుంచెతో తోమితే చాలు, ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు. తాడుకు వేలాడేందుకు ఒంటికి కట్టుకునే హార్నెస్ తొడల పట్టీలు మాత్రం సన్నటి మనుషులకు ఎంత బిగించినా వదులే. కొనేముందు తొడుక్కుని, వేలాడి చూడాలి.

దీపాల విషయంలో మనిషికి మూడు ఉండాలన్నది గుహల్లో తిరిగేవాళ్ల పాత నియమం. అది అతి జాగ్రత్తేమీ కాదు. మేము కొన్న ఒక తలదీపానికి బ్యాటరీ మూత తేమకు ఉబ్బి, లోపల ఉండగానే ఆరిపోయింది. నీళ్లలో మునిగినా ఏమీ కాదని పెట్టె మీద బొమ్మ వేశారు. ఫిర్యాదు రాస్తే, మీరు సరిగా మూయలేదని జవాబిచ్చారు.

ఇక అసలు పని ఫ్లాష్‌ది. దాన్ని కెమెరా నెత్తిన పెట్టారంటే, ఎదురుగా గాలిలో తేలే తేమ తుంపర్లన్నీ తెల్లటి చుక్కలై ఫొటో నిండా పడతాయి, గోడేమో చదునుగా అట్టముక్కలా కనిపిస్తుంది. ఫ్లాష్ మిత్రుడి చేతిలో ఉండాలి. నేను అడుగున ట్రైపాడ్ మీద షట్టర్ తెరిచి ఉంచుతాను. తలదీపాలు రెండూ ఆర్పేస్తాం. పైన వేలాడుతున్న మా వాడు తన వీపు వెనక్కు చెయ్యి పెట్టి, గోడ వైపు ఫ్లాష్ తిప్పి, ‘కొట్టమంటావా?’ అంటాడు. ‘ఊపిరి బిగబట్టు’ అంటాను, లేకపోతే ఆవిరి అడ్డొస్తుంది. ఒక్క మెరుపులో గోడ మీది గాళ్లు, అంచులు, వాటి నీడలు విడివిడిగా లేస్తాయి, మనిషి అంచు వెంట వెలుగు గీత పడుతుంది. గోడ తగలకుండా వేలాడే తాడు మీద మనిషి నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాడు. చీకట్లో వెలుగు ఆ క్షణంలోదే కనుక చిత్రం అలుక్కుపోదు. పై నోటి నుంచి పగటి వెలుగు పడే చోట మాత్రం ఈ ఉపాయం పారదు.

ఇలా ఫొటో కోసం మనిషిని ఎంతసేపైనా వేలాడదీయవచ్చనుకోకండి. హార్నెస్‌లో కదలకుండా ఉంటే కాళ్లలోకి దిగిన రక్తం సరిగా పైకి రాదు, స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ఫ్రేము, ఫోకస్ అన్నీ వాడు దిగకముందే సరిచూసుకుంటాను. వేలాడుతున్నంతసేపూ వాడు కాలి ఉచ్చులో నిలబడి కాళ్లు ఆడిస్తుంటాడు. గబ్బిలాలు కనిపిస్తే ఫ్లాష్ ఊసే ఎత్తం.

కెమెరాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పాతదే, దెబ్బలు తిన్నదే. ఏసీ కారులోంచి తీసి వెంటనే తేమలోకి దించితే అద్దం మసకబారుతుంది కనుక, సంచిలోనే కాసేపు ఉంచి తీస్తాం.

ఈ సరంజామా కొని ఊరి పాడుబావిలో సాధన చేస్తామని కొందరు కుర్రవాళ్లు అడిగారు. వద్దు. పాత బావుల అడుగున బరువైన విషవాయువు నిలుస్తుంది, ఊపిరాడక పోయిన వాళ్ల వార్తలు వేసవిలో చదువుతూనే ఉన్నాం. మేము శిక్షణ పొందిన వారి దగ్గర నేర్చుకుని, యజమాని అనుమతితో పని ఆపేసిన క్వారీ అంచున పగటిపూట సాధన చేశాం.

మొదటి తాడు పైపొర ఒకచోట నూలు లేచి, లోపల మెత్తగా తగలడంతో పక్కన పెట్టేశాం. మళ్లీ ఎవరూ దాని మీద దిగకుండా బారెడు బారెడు ముక్కలుగా కోసి పంచాం. ఒక ముక్క మా వాడి ఇంట్లో గేదెకు పలుపయింది. కొత్తది కొనేటప్పుడు అదే రకం తీసుకున్నాం, కాకపోతే కురచయ్యే లెక్క కలుపుకుని కాస్త పొడవుగా కోయించాం.