లాంకాస్టర్ యాత్ర: ఆమిష్ ఊళ్లు, వాళ్ల తుపాకులు

థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ గురువారం పండగ తర్వాతి శనివారమే అక్కడ రైఫిల్‌తో జింకల వేట మొదలవుతుంది. 2019కి ముందు సోమవారం మొదలయ్యేదట. ఆమిష్ వాళ్లంటే సొంత కార్లు వద్దనుకుని పాతకాలం పద్ధతుల్లో బతికే, హింస కూడదనే క్రైస్తవులు. అక్కడి స్ట్రాస్‌బర్గ్ ఊరి దగ్గర ఇద్దరు ఆమిష్ కుర్రాళ్లు నల్ల ప్యాంట్ల మీదికి కళ్లు జిగేల్‌మనే నారింజ రంగు కోట్లు వేసుకుని, తుపాకీ కేసులు భుజాన తగిలించుకుని అద్దె వ్యాన్ ఎక్కుతున్నారు. మావయ్యగారు కారు స్లో చేయించారు. "యుద్ధానికి కూడా వెళ్లని మనుషులన్నావు, ఇదేంటమ్మా?" ఇక ట్రిప్పంతా ఆ ప్రశ్నతోనే నడిచింది.

రూట్ 30 మీద మోటళ్లు చవకే, కానీ కిటికీలోంచి కనిపించేది షాపింగ్ మాల్స్. మేం ఓ మెన్నోనైట్ (ఆమిష్‌కి దగ్గరి క్రైస్తవ శాఖ) కుటుంబం నడిపే ఫామ్‌స్టేలో దిగాం. బాత్రూమ్ చల్లగా ఉంది, వైఫై ఉన్నా లేనట్టే. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాను. వెజిటేరియన్లైతే బుకింగ్ అప్పుడే చెప్పండి. లేకపోతే పొద్దున్నే ప్లేట్లో స్క్రాపుల్ పెడతారు, అది పంది మాంసం. పై (pie) అనే వంటకం పిండిలో కూడా పంది కొవ్వు కలిపే ఇళ్లున్నాయి, అడిగి తినండి.

వెనక తలుపు దగ్గర బురద బూట్లు, పాల క్యాన్లు, వాటి పక్కన తాళం వేసిన చెక్క బీరువా. అందులో ఒక షాట్‌గన్, ఒక పాయింట్ టూటూ (.22) చిన్న రైఫిల్. ఇంటావిడే తీసి చూపించింది. పొలంలో గ్రౌండ్‌హాగ్‌లు (ఉడత జాతి పెద్ద జంతువులు) బొరియలు తవ్వుతాయి, వాటిలో కాలు పడిందంటే గుర్రం కాలు విరుగుతుంది. పక్కింటి ఆమిష్ రైతు కూడా అందుకే ఓ తుపాకీ ఉంచుకున్నాడట. జింక దొరికితే చలికాలం మాంసానికి లోటుండదు. పిస్టల్ సంగతి అడిగితే తల అడ్డంగా ఊపింది. మనిషి మీద గురిపెట్టడానికి తప్ప అదెందుకని వాళ్ల లెక్క. మావయ్యగారికి ఇది వెంటనే ఎక్కింది. మన ఊళ్లలో అడవి పందుల కోసం లైసెన్సు తుపాకీ పెట్టుకుని, ఎలక్షన్లొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేసొచ్చే రైతుల్ని ఆయన ఎరుగుదురు.

బగ్గీ సవారీ మాత్రం డబ్బు దండగ. మేం ఎక్కినదాన్ని తోలినవాడు ఆమిషే కాదు, బట్టీ పట్టిన జోకులు చెప్పి పార్కింగ్ లాట్ చుట్టూ తిప్పి దింపాడు. 1955 నుంచి నడుస్తున్న ఆమిష్ ఫామ్ అండ్ హౌస్ పిల్లలకి బాగుంటుంది. పెద్దవాళ్లకైతే లోకల్ గైడ్‌తో చిన్న వ్యాన్ టూర్ మేలు. ఫొటో ఐడీ గొడవ మాకు అక్కడే తెలిసింది. లైసెన్సున్న షాపులో తుపాకీ కొనాలంటే ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉండాలి. ఆమిష్ వాళ్లేమో నమ్మకం కొద్దీ ఫొటో దిగరు. దీని మీద 2015లో ఒక ఆమిష్ వ్యక్తి కోర్టుకెక్కాడు. పెన్సిల్వేనియాలో పొడవాటి తుపాకుల్ని (రైఫిల్, షాట్‌గన్) తెలిసినవాళ్ల దగ్గర నేరుగా కొనుక్కోవచ్చు కాబట్టి చాలామందికి అదే దారి. లాంకాస్టర్‌లోనే ఒక ఆమిష్ రైతు లైసెన్సు లేకుండా తుపాకుల వ్యాపారం చేశాడని 2023లో దోషిగా తేలాడు. ఆమిష్ అనగానే అందరూ ముని పుంగవులేం కాదు.

అదే కౌంటీలోని నికెల్ మైన్స్ ఊరికి వెళ్లొచ్చా అని కొందరు అడుగుతుంటారు. అది చూడ్డానికి వెళ్లే చోటు కాదు. 2006 అక్టోబరు 2న బయటివాడొకడు అక్కడి ఆమిష్ బడిలో పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు, అప్పట్లో ఐదుగురు చనిపోయారు. వాడూ కాల్చుకుని చచ్చాడు. ఆమిష్ వాళ్లు వాడి భార్యాపిల్లల్ని పలకరించి ఓదార్చారు, అంత్యక్రియలకీ వెళ్లారు. ఆ బడిని కూలగొట్టేశారు, ఇప్పుడక్కడ పచ్చిక బీడే. ఆ దారిన పోవాల్సొచ్చినా కారు ఆపకండి.

చూసి తీరాల్సిందల్లా అటు బెర్క్స్ కౌంటీలో, షార్టిల్స్‌విల్ దగ్గరున్న నార్త్‌కిల్ ఆమిష్ చారిత్రక ఫలకం. టికెట్ లేదు, గైడూ లేడు. 1757 సెప్టెంబరులో, ఫ్రెంచ్ వాళ్లకీ ఇంగ్లీషు వాళ్లకీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, స్థానిక తెగల యోధులు జేకబ్ హాక్‌స్టెట్లర్ ఇంటిని చుట్టుముట్టారు. కొడుకులు వేటలో ఆరితేరినవాళ్లు, తుపాకులు చేతుల్లోకి తీసుకున్నారు కూడా. మనిషిని చంపడానికి వీల్లేదని తండ్రి ఆపేశాడు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు చనిపోయారు. తండ్రినీ, మిగతా ఇద్దరు కొడుకుల్నీ బందీలుగా పట్టుకుపోయారు. ఆమిష్ ఇళ్లలో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. మావయ్యగారు ఫలకం పూర్తిగా చదివి, "నేనైతే కాల్చేవాణ్ణి" అన్నారు. మా ఆయనా అంతే. అత్తయ్యగారు మాత్రం ఇద్దరితోనూ కారులో గంటసేపు వాదించారు.

అక్కణ్ణుంచి పది నిమిషాల్లో హాంబర్గ్‌లో కబేలాస్ ఉంది, వేట సామాన్ల పెద్ద షాపు. పిల్లలకి రెస్ట్‌రూమ్, కాఫీ అక్కడే కానివ్వొచ్చు. ఈ రెండూ ఇంటర్‌స్టేట్ 78 పక్కనే కాబట్టి తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి. ఆదివారం ఆమిష్ షాపులు తెరవరు, కొనుక్కునేవి శనివారమే కొనేసుకోండి.