టి-34 నమూనాకు ఏది మేలైన ఆధారం: మ్యూజియం బండా, బ్లూప్రింటా, పాత ఫొటోనా?

ట్యాంకు ఆటల కోసం త్రీడీ నమూనాలు చేయడం మొదలుపెట్టినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే. రెండవ ప్రపంచ యుద్ధకాలపు సోవియట్ ట్యాంకును చేయాలంటే మ్యూజియంలో ఉన్న ట్యాంకును చూసి చేయాలా, కర్మాగారపు బ్లూప్రింట్లను పట్టుకోవాలా, లేక ఆ కాలపు ఫొటోలను నమ్ముకోవాలా? ఈ మధ్య ఒక చిన్న బృందం కోసం 1942లో స్టాలిన్‌గ్రాడ్ కర్మాగారంలో తయారైన టి-34 ట్యాంకును చేస్తున్నప్పుడు నేనూ ఈ మూడింటి మధ్య కొన్నాళ్ళు ఊగిసలాడి, చివరికి ఫొటోలనే ప్రధానాధారంగా తీసుకున్నాను.

మ్యూజియం బండికున్న గొప్ప గుణం అది కళ్ళెదుట నిలబడి ఉండడమే. చుట్టూ తిరిగి కొన్ని వందల ఫొటోలు తీసి ఫొటోగ్రామెట్రీకి (ఫొటోల నుంచి త్రీడీ ఆకారాన్ని కట్టే పద్ధతికి) అప్పగిస్తే ఆకారం తొందరగానే చేతికి వస్తుంది. అనుమతి దొరికితే టేపు పట్టి కొలవవచ్చు, డ్రైవరు మూత అంచున ఉక్కు మందాన్ని వేలితో తడిమి చూడవచ్చు. అయితే ఆ బండి యుద్ధరంగం నుంచి నేరుగా అక్కడికి వచ్చిందనుకుంటే పొరపాటే. టి-34-85లను (85 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న తరువాతి రూపాన్ని) సోవియట్ సైన్యం 1960ల్లో కూడా మరమ్మతు చేసి ఆధునికీకరించింది. యుద్ధం ముగిశాక పోలండ్, చెకొస్లొవేకియాలు కూడా వాటిని తయారుచేశాయి. అందువల్ల నేడు కనిపించే అనేక బండ్లకు టి-54, టి-55ల చక్రాలను పోలిన చక్రాలు ఉంటాయి. మన దేశంలో స్మారకాలుగా నిలిపిన టి-55లను చూసినవారికి ఆ చక్రం ఇట్టే గుర్తుకు వస్తుంది. నా మొదటి టి-34-85ను అవే చక్రాలతో 1944 నాటి పోరులోకి దింపాను. అవి పుట్టడానికి ఇంకా చాలా ఏళ్ళు ఉందని ఆట పరీక్షించిన మిత్రుడు చెప్పేదాకా నాకు తెలియనే లేదు. పైగా పూత మీద పూతగా వేసిన రంగు కింద పోత ఉక్కు గరుకుదనమంతా కప్పబడిపోతుంది, స్కాన్ చేస్తే టరెట్ (ఫిరంగితో పాటు తిరిగే పైభాగం) సబ్బుబిళ్ళలా నునుపుగా వస్తుంది.

బ్లూప్రింట్ల బలం అంకెల్లో ఉంది. దెబ్బను లెక్కగట్టే ఆటలో కవచం మందం, వాలు తప్పితే బొమ్మ ఎంత అందంగా ఉన్నా వ్యర్థమే. టి-34 ముందు పలక 45 మిల్లీమీటర్లు, నిలువు నుంచి 60 డిగ్రీల వాలు. అంటే ఎదురుగా వచ్చే గుండు 90 మిల్లీమీటర్ల ఉక్కును దాటాలి. టరెట్ కూర్చునే వలయం టి-34లో 1425 మిల్లీమీటర్లు, టి-34-85లో దాదాపు 1600. ఈ తేడాను పట్టించుకోకుండా పాత పొట్టు (టరెట్ కింది బండి దేహం) మీద కొత్త టరెట్ పెడితే అది అరువు తెచ్చుకున్న టోపీలా కనిపిస్తుంది. అయినా బ్లూప్రింటు చెప్పేది ఎలా చేయాలన్నదే, ఎలా చేశారన్నది కాదు.

నా దృష్టిలో అసలు తేల్చవలసిన విషయం అదే. టి-34 అన్న పేరు ఒకటే గాని బండి ఒకటి కాదు. 1941లో ఖార్కివ్‌లోని 183వ కర్మాగారం ఉరల్ ప్రాంతపు నిజ్నీ తగీల్‌కు తరలిపోయింది. స్టాలిన్‌గ్రాడ్ ట్రాక్టరు కర్మాగారం, గోర్కీలోని క్రాస్నయె సోర్మొవొ, ఆ తరువాత చెల్యాబిన్స్క్, స్వెర్ద్‌లోవ్‌స్క్, ఓమ్‌స్క్ కూడా ఇదే ట్యాంకును ఎవరికి దొరికిన సరంజామాతో వారు తయారుచేశారు. డీజిలు ఇంజన్లు అందక సోర్మొవొ కొన్నాళ్ళు పెట్రోలు ఇంజన్లు బిగించింది. స్వెర్ద్‌లోవ్‌స్క్ పెద్ద ప్రెస్సుతో ఒత్తి టరెట్లను తీసింది. రబ్బరు కరువైన 1941-42 చలికాలంలో అంచుకు రబ్బరు లేని ఉక్కు చక్రాలు వచ్చాయి. స్టాలిన్‌గ్రాడ్ బండ్లలో చాలావాటికి వరుస మొత్తం అవే. మరికొన్ని చోట్ల అదురు తగ్గించడానికి మొదటి, చివరి చక్రాలకు మాత్రం రబ్బరు ఉంచారు. (శబ్దం చేసేవారికి ఒక మాట: ఉక్కు చక్రాల బండి రోదను రబ్బరు చక్రాల బండి నుంచి తీసుకుంటే కుదరదు.) స్టాలిన్‌గ్రాడ్ పొట్టు పలకలు ఒకదానిలో ఒకటి పళ్ళు దిగినట్టు అతుక్కుని ఉంటాయి. 1942 శరదృతువులో పోరు కర్మాగారంలోకే వచ్చి అక్కడి ఉత్పత్తి ఆగిపోయింది. కాబట్టి 1943 నాటి ఆరు పలకల టరెట్‌ను ఆ పొట్టు మీద పెట్టడం కుదరదు. ఏ కర్మాగారం, ఏ నెల అన్న ప్రశ్నకు జవాబు సూటిగా దొరికేది ఆనాటి ఫొటోలోనే.

ఫొటోలకూ లోపాలున్నాయి. దారిపక్కన ఆగిపోయిన బండ్ల ముందు జర్మన్ సైనికులు నిలబడి తీయించుకున్నవి కోకొల్లలు గాని, అడుగుభాగం చూపినవి అరుదు. నలుపు-తెలుపులో సోవియట్ ట్యాంకులకు వేసిన 4బీఓ ఆకుపచ్చ రంగు ఎంత ముదురో తెలియదు. కొలతల కోసం నేను చక్రాన్ని ఆధారం చేసుకుంటాను: దాని వ్యాసం 830 మిల్లీమీటర్లు కాబట్టి, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో కెమెరాను ఫొటో కోణానికి సరిపెట్టి చక్రం కుదిరిందాకా సవరిస్తే మిగిలిన కొలతలు చాలావరకు దారికి వస్తాయి. ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టా) విషయంలో ఫొటోకు సాటి లేదు. 72 లింకులు, లింకు విడిచి లింకుకు కొమ్ము, పైన మోసే చిన్న చక్రాలు లేనందువల్ల ట్రాక్ పైభాగం నేరుగా పెద్ద చక్రాల మీద వాలి ఉంటుంది. సోవియట్ భారీ ట్యాంకు కేవీ-1కు అటువంటి చిన్న చక్రాలు ఉన్నాయి గనుక దాని వాలు వేరు. ఒకే రిగ్గును (నమూనాను కదిలించే అమరికను) రెంటికీ వాడినవారి పనిని దూరం నుంచే పసిగట్టవచ్చు.

ప్లాస్టిక్ కిట్లు బోల్టుల వరుస సరిచూసుకోవడానికి పనికివస్తాయి, అంతకు మించి కాదు. ఆన్‌లైన్‌లో అమ్మే సిద్ధమైన నమూనాలు కొని సరిదిద్దుకోవడం కంటే మొదటి నుంచి చేసుకోవడమే సులువు.

మరో సోవియట్ భారీ ట్యాంకు ఐఎస్-2 చేయదలచుకున్నవారికి మాత్రం నా సలహా కొంత మారుతుంది. దాని కూర్పు దాదాపు అంతా చెల్యాబిన్స్క్‌లోనే జరిగింది కాబట్టి కర్మాగారాల గొడవ తక్కువ. 1944లో ముక్కు మెట్టుగా ఉన్నది తీసేసి మెట్టు లేని ఒకే వాలుగా మార్చారన్నది గుర్తుంచుకుంటే మ్యూజియం బండితోనే చాలా దూరం వెళ్ళవచ్చు. అయితే 1950ల ఆధునికీకరణలో ఫెండర్ల (ట్రాక్‌ల పైని రేకుల) మీద చేరిన పెట్టెలను ముందు తీసేసి, ఆ తరువాతే స్కాన్ మీద పని మొదలుపెట్టండి.